'గ' వరసలో రెండు గన్నేర్లు

శనివారం

ఇంటి తోట ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు రోజూ నాలుగు ముక్కలు రాసి పెట్టాలని మొక్కల పేర్ల ఆఫీసువాళ్ళ హుకుం. ఇన్నాళ్ళూ మా వదిన మాణిక్యాంబ రాసేది. "మొక్కలు బాగున్నవి" అని రోజూ అదే వాక్యం. ఏమిటమ్మా ఇది అని ఒక్కసారి కూడా అడగలేదంటే వాళ్ళు ఎంత శ్రద్ధగా చదువుతున్నారో తెలుస్తూనే ఉంది. కనుక నాకు తోచింది నేను రాస్తాను.

నా పేరు ఇందుమతి. మొన్నటిదాకా ఊరి నెత్తిన కట్టిన గాజు గొడుగు మీద అద్దాలు తుడిచేదాన్ని. నడుముకి తాడు కట్టుకుని పైకెక్కితే గొడుగుపాలెం మొత్తం కాళ్ళ కింద కనిపించేది. పక్కన నలుగురు ఆడవాళ్ళు, ఆగని కబుర్లు. మోకాలు వాచిందని దింపేశారు. అదే సమయానికి షుగరు ముదిరి వదినకి చూపు మసకబారింది. "ఇంకేం, ఇంట్లోనే ఉంటావుగా, తోట నువ్వు చూసుకో" అన్నాడు మా ఆయన పెద్దిరాజు. వదిన ఆయనకి స్వయానా అక్క. అక్కా తమ్ముడూ కలిసి నన్ను కుండీల మధ్య కూలేశారు.

ఒకచోట కూర్చోవడం నాకు చేతకాదు. ఒక మొక్కకీ ఇంకో మొక్కకీ తేడా కూడా తెలియదు. పైనుంచి చూస్తే అన్నీ పచ్చగానే ఉండేవి.

ఇవాళ మా ఇంట్లో చిలకని బిగించారు. ఊళ్ళో అందరి ఇళ్ళకీ ఎప్పుడో వచ్చింది, మా ఇంట్లో మాత్రం వదిన గుమ్మంలో అడ్డంగా నిలబడి ఇన్నేళ్ళూ రానివ్వలేదు. గోడకి ఒక పెట్టె, దాని కింద పొడుగాటి చెయ్యి. "బిళ్ళ" అని, ఆ తరవాత మొక్క పేరు చెబితే ఆ పేరుతో రేకు బిళ్ళ ఒకటి ఊడిపడుతుంది. దాన్ని కుండీకి గుచ్చాలి. ఆకు కావాలన్నా అంతే. "బిళ్ళ, కొత్తిమీర, గుప్పెడు" అంటే ముందు మన తోటలో, లేకపోతే దగ్గర్లో ఎక్కడ ఆ పేరు బిళ్ళ ఉంటే అక్కడి చెయ్యి కోసి, ఆకు నలిపి ముద్ద చేసి, బుట్టలో పెట్టి గొట్టంలోంచి పంపేస్తుంది. ముందు "బిళ్ళ" అనకపోతే మనం ఎంత మొత్తుకున్నా దానికి చెవుడే. జనం నోటికి ఆ మాట ఎంత అంటుకుపోయిందంటే, పక్కింటావిడ మొగుడితో కూడా "పులుసులో బిళ్ళ కరివేపాకు వెయ్యలేదేం" అంటోంది.

వదిన ముక్కు విరిచింది. "తోటకూర కోసుకోవడానికి కూడా ఇంకొకళ్ళని బతిమాలుకోవాలటే. ఈ ఒంట్లో ఊపిరుండగా దానితో మాట్లాడను."

ఆదివారం

రోజంతా కుండీలు జరపడమే సరిపోయింది. చిలక చేతికి వెతుకులాట లేకుండా మొక్కల్ని అకారాది క్రమంలో పెట్టాలట. అల్లం ముందు, సొరపాదు చివర. ఎండ ఎవరికి కావాలో నీడ ఎవరికి కావాలో ఆ నియమం రాసినవాడికి పట్టలేదు. పుదీనా నీడ కావాలని ఏడుస్తుంది, 'ప' వరసేమో సరిగ్గా ఎండ పడేచోట ఉంది. పొద్దున ఒకలా సర్దాను, నచ్చలేదు. మధ్యాహ్నం ఇంకోలా సర్దాను. "కాలు కాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు, మోకాలు మళ్ళీ వాస్తది" అని మా ఆయన పడుకున్నచోటు నుంచే హితబోధ చేశాడు.

వదిన రోజూ పొద్దున్నే ఒక కుండీలోంచి నాలుగాకులు తెంపి కాచుకుని తాగుతుంది, షుగరుకి. అది నిజంగా పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. డాక్టరైతే వద్దనే చెప్పాడు. ఆవిడ ఎవరి మాట విన్నది గనక. దాని పక్కన నిలబడి "ఇదేంటి వదినా?" అన్నాను.

"బిళ్ళ గన్నేరు" అంది.

చిలక ఠక్కున బిళ్ళ కక్కింది, గన్నేరు అని.

"చూశావా, నీ మాట కూడా వింటోంది" అన్నాను. వదిన మూతి ముడుచుకుంది.

గన్నేరు కాబట్టి తీసుకెళ్ళి 'గ' వరసలో పెట్టాను. అక్కడ ఇంకో గన్నేరు ఉంది. మా ఆయన పనిచేసేది గొడుగు అంచు కింద నుంచి దుమ్ము దూరకుండా ఊరి చుట్టూ మొక్కలతో పెంచిన దుమ్ము కంచె దగ్గర. పూలు ఎర్రగా ముచ్చటగా ఉన్నాయని ఆమధ్య అక్కడినుంచి ఒక మొక్క తెచ్చాడు, దాని బిళ్ళతో సహా. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. పేరు ఒకటే గానీ పోలిక ఏ కోశానా లేదు. వదిన మొక్క మోకాలెత్తు కూడా లేదు, గుండ్రటి చిన్న ఆకు, గులాబీరంగు చదునైన పువ్వు. కంచె నుంచి వచ్చినది నాకంటే ఎత్తు, ఆకు సన్నగా కత్తిలా ఉంది. నేనూ మా చెల్లెలూ మాత్రం ఒకేలా ఉన్నామా అని ఊరుకున్నాను.

వదిన తడుముకుంటూ వచ్చి గొడవ మొదలుపెట్టింది. "దాన్ని బచ్చలి పక్కనుంచి ఎందుకు తీశావే?"

"గన్నేరు 'గ' వరసలోకి వస్తుంది వదినా. 'బ' లోకి ఎలా వస్తుంది?"

"నాకు అక్షరాలు నేర్పకు. చూపు పోయింది గానీ చదువు పోలేదు."

"బిళ్ళ మీద అదే ఉంది మరి."

"నీకు చెప్పడం నా బుద్ధి తక్కువ" అని చెయ్యి విసురుకుంటూ లోపలికి పోయింది. నాకూ ఒళ్ళు మండింది. కుండీని అక్కడే ఉంచాను.

సోమవారం

వదిన దిగువ వాడకి వెళ్ళింది. ఆవిడ కూతురు విమలకి ఆడపిల్ల పుట్టింది, రేపు బారసాల. రెండు రోజుల్లో వచ్చేస్తానంది. ఆకుల సంగతి అడిగితే "ఓ నాలుగు గుప్పెళ్ళు మూటగట్టి ఇవ్వు" అంది. "విమల ఇంట్లో చిలక ఉందిగా, అడిగితే ఇక్కణ్ణుంచే తాజాగా వస్తుంది, ఎందుకీ మూటలు" అన్నాను. ఒక్కరోజుకి సరిపడా ఇచ్చి పంపాను.

ఆవిడ తలుపు దాటిన కాసేపటికే దుమ్ము లేచింది. గొడుగు అంతా ఎర్రమట్టి పూసినట్టయింది. వాడల మధ్య తలుపులు మూసేశారు. దుమ్ము ఉన్నంతసేపూ ఫోన్లు పడుకుంటాయి, గొట్టాల్లో బుట్టలు మాత్రం తిరుగుతాయి. మా ఆయన్ని కంచె దగ్గరే ఉండిపొమ్మన్నారు. ఇల్లంతా నేనూ, కుండీలూ.

బుధవారం

పొద్దున చిలక మాట్లాడింది. "దిగువ వాడ, మాణిక్యాంబ, గన్నేరు, గుప్పెడు." నవ్వాగలేదు నాకు. ఊపిరుండగా మాట్లాడనన్న మనిషి రెండో రోజుకే దారికొచ్చింది. చెయ్యి వదిన కుండీలోంచి ఆకు కోసి బుట్టలో వేసింది.

నవ్వాను గానీ, ప్రాణం కుదుటపడింది. దుమ్ములో ఆవిడ కబురు తెలిసే దారి ఇదొక్కటే. గన్నేరు అడిగిందంటే లేచింది, నడిచింది, మాట్లాడింది అనే కదా. ఆ తరవాత 'త' వరస మొత్తం తీసి మళ్ళీ సర్దాను. పనేమీ లేదు, ఊరికే.

శుక్రవారం

రోజూ పొద్దున్నే ఆ మాట కోసం చెవులు రిక్కించి కూర్చుంటున్నాను. రోజూ వస్తోంది. గన్నేరు, గుప్పెడు. ఈవిడ గుప్పెడు ఎంత పెద్దదో గానీ కుండీ పల్చబడిపోయింది. ఇవాళ చెయ్యి దాని దగ్గర కాస్త తచ్చాడి, పక్కనున్న ఎర్రపూల గన్నేరు మీదికి వెళ్ళి గుప్పెడు దూసుకుంది. గుబురుగా ఉన్నదాన్ని ఎంచుకోవడం దాని తీరు. మంచిదే, వదిన మొక్క కాస్త తేరుకుంటుంది అనుకున్నాను.

ఒక్కటే అర్థం కాకుండా ఉంది. ఆవిడకి తోటకూర లేకపోతే ముద్ద దిగదు. విమల ఇంట్లో ఉన్నవి నాలుగు కుండీలు, తోటకూర లేదని నాకు తెలుసు. మా తోటలో అది విరగకాసి ఉంది. అయినా గన్నేరు తప్ప ఇంకేదీ అడగదేం? నామీద కోపమా? కోపమైతే గన్నేరు మాత్రం ఎందుకు అడుగుతుంది?

ఇది బుర్రలో తిరుగుతూనే ఉంది. కుండీలు కడిగాను, బిళ్ళలన్నీ తోమాను. ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.

ఆదివారం

అక్షరాలు వంకరగా వస్తే నన్నేమీ అనకండి.

మా ఆయన స్నానానికీ భోజనానికీ ఇంటికొచ్చాడు. తలంతా ఎర్రమట్టి. తోటలోకి తొంగిచూసి ఆగిపోయాడు. ఎర్రపూల గన్నేరు సగం బోడిగా ఉంది. మొన్నటినుంచి రోజూ దాన్నే దూస్తోంది.

"దీని ఆకులేమయ్యాయే?"

"మీ అక్కకే. కషాయానికి. రోజూ గుప్పెడు పంపిస్తోంది చిలక."

ఆయన నావంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "కంచె గన్నేరా? అక్క తాగుతోందా?"

"రెండూ గన్నేరేగా."

"అది కత్తిరించేటప్పుడు మాకు తొడుగులిస్తారే. గొర్రె కూడా మూతి పెట్టదు. మండ కాలిస్తే ఆ పొగకే మనుషులు కళ్ళు తిరిగి పడిపోయారు. కడుపులోకి పోతే వాంతులు, ఆ తరవాత గుండె నెమ్మదించి నెమ్మదించి ఆగిపోద్ది." ఆయన గొంతు పైకి లేవలేదు, ఇంకా పడిపోయింది. "అక్క తాగేది వేరే గన్నేరు అయ్యుంటది. ఇన్నేళ్ళు తాగింది, ఏం కాలేదు కదా."

"వేరే పేరుంటే చెప్పేది కదా" అన్నాను. "నేను అడిగాను. బిళ్ళ గన్నేరు అంది, చిలక బిళ్ళ ఇచ్చింది."

అన్నాక నా మాటే నాకు కొత్తగా వినపడింది.

మా వదిన చిలకతో మాట్లాడదు. బిళ్ళ తోటకూర అనదు, బిళ్ళ కరివేపాకు అనదు. దాన్ని చూస్తేనే మూతి తిప్పుకునే మనిషి ఆ ఒక్క మొక్కకి ముందు మాత్రం బిళ్ళ ఎందుకు పెట్టింది? పెట్టలేదు. అది పేరే. మొక్క పేరే బిళ్ళ గన్నేరు. బిళ్ళలా చదునుగా ఉండే ఆ పువ్వుని చూసి ఎవరో పెట్టిన పేరు. బచ్చలి పక్కన 'బ' వరసలో ఉండాలని ఆవిడ నెత్తీనోరూ కొట్టుకుంది అందుకే. అక్కడ విమల ఇంట్లో "ఇదిగో, కాస్త తోటకూర పంపు" అంటే చిలక పలకదు. "బిళ్ళ గన్నేరు గుప్పెడు" అంటే పలుకుతుంది. ముందు మాట తనని పిలవడమనుకుని మింగేసి, మిగిలిన గన్నేరుని పంపుతుంది. ముద్దగా నలిపి పంపుతుంది కాబట్టి చూపున్నవాళ్ళు కూడా పోల్చుకోలేరు.

శుక్రవారం పంపింది, నిన్న పంపింది, ఇవాళ పొద్దున కూడా పంపింది. నేను పక్కనే నిలబడి చూశాను.

మా ఆయన అన్నం ముట్టకుండా దిగువ వాడ తలుపు దగ్గరికి పరిగెత్తాడు. నేనూ కుంటుకుంటూ వెళ్ళాను. కాపలా అతను ముసుగు తియ్యకుండానే చెప్పాడు. "తలుపు అవతల దారంతా దుమ్మేనమ్మా, తీస్తే వాడంతా నిండుతుంది. లోపల పసిపిల్లలున్నారు. దుమ్ము దిగందే తియ్యం." తలుపు మీద పిడికిళ్ళు అరిగేలా కొట్టాను. అవతల ఎవరూ లేరు. ఉన్నా వినపడదు, అంత మందం.

ఇంటికొచ్చి ఎర్ర గన్నేరు బిళ్ళ పీకేసి కుండీని వీధిలోకి ఈడ్చేశాను.

సోమవారం

పొద్దున వచ్చింది. "దిగువ వాడ, మాణిక్యాంబ, గన్నేరు, గుప్పెడు." బతికే ఉంది. అదే క్షణంలో ఇంకో భయం పట్టుకుంది.

చెయ్యి వదిన మొక్కని పట్టుకుని ఉన్న నాలుగాకులూ దూసేసింది. బోడి కాడలు మిగిలాయి. ఇవాళ్టికి సరైన ఆకు వెళ్ళింది. రేపో? మా ఇంట్లో లేకపోతే చిలక దగ్గర్లో ఆ పేరు ఎక్కడుందో చూస్తుంది. ఊరి చుట్టూ దుమ్ము కంచె మొత్తం గన్నేరే. ఎంత కోసినా తరగదు. నేను నా కుండీని వీధిలో పెట్టి సాధించిందేమీ లేదు.

మా ఆయన కంచె దగ్గరికి పోతూ "తలుపులవాళ్ళ పెద్దతో మాట్లాడతా" అన్నాడు. ఆ పెద్ద ఏమంటాడో నాకు తెలుసు, దుమ్ము దిగాక చూద్దామంటాడు. దుమ్ము దిగేదాకా వదిన గుండె ఓర్చుకుంటుందా?

చిలకతోనే కబురు పంపాలనుకున్నాను. బుట్టలో చీటీ పెడితే గొట్టం ఒప్పుకోదు, మొక్కది కానిదేదైనా వెనక్కి తోసేస్తుంది. బుట్టకి తగిలించి పంపే పేరు బిళ్ళ మీద నాలుగు మాటలు పడితే విమల చదువుతుంది. దాని ముందు నిలబడి ఒక్కో మాటా విడమరిచి చెప్పాను. "బిళ్ళ. బిళ్ళ గన్నేరు వేరు, గన్నేరు వేరు. తాగొద్దు."

అది కాసేపు గుర్రుమంది. దానికి తెలిసినవి మొక్కలూ వాటి భాగాలూ. తెలియనివన్నీ పారేస్తుంది. "గన్నేరు, వేరు" అంది. "ఎంత?"

కబురు ఎంతమందికి అని అడుగుతోందనుకున్నాను. ఆ కంగారులో ఇంకేం తోస్తుంది? "ఊరంతా" అన్నాను. "ఊరంతటికీ."

చెయ్యి వెనక్కి తిరిగింది. 'గ' వరసలోకి వెళ్ళింది. వదిన కుండీలో మట్టిలోకి వేళ్ళు దించి, బోడి కాడల్ని మొదలంటా పట్టుకుని పెళ్ళగించింది. మట్టి రాల్చి, వేరు కోసి, నా ముందు బుట్టలో పెట్టింది. అప్పుడర్థమైంది దానికి ఏం వినపడిందో. ఒకటి వేరు, ఇంకొకటి వేరు అని నేను మొత్తుకుంటే, అది గన్నేరు వేరు కావాలనుకుంది. ఊళ్ళో ఉన్న గన్నేరు వేర్లన్నీ.

వదిన ఆ మొక్కని కన్నకూతురిలా చూసుకునేది. కుండీలో గుంట మిగిలింది.

గొట్టంలోంచి బుట్ట వచ్చింది. లావాటి వేర్లు, పచ్చి వాసన. వెనకే ఇంకో బుట్ట. చిలక అడిగింది, "ఎక్కువ. ఆపాలా?"

ఆపాలనే నోరు తెరిచాను. కంచె పోతే దుమ్ము వీధుల్లోకి వస్తుంది, అందరూ దగ్గుతారు, ఆ కంచె మా ఆయన తన చేతులతో నాటాడు. ఇంకో బుట్ట వచ్చి పడింది. వేరు పోయిన మొక్క మొక్క కాదు. దాని బిళ్ళ ఊడిపోతుంది. బిళ్ళ లేకపోతే చిలక దాని ఆకు కోసి ఎవరికీ పంపదు. పొద్దుటినుంచి నేను గొంతు చించుకుని చెప్పినవాటిలో ఈ యంత్రం విన్నది ఇదొక్కటే.

"ఆపొద్దు" అన్నాను. "బిళ్ళ, గన్నేరు, వేరు. ఊరంతా."

మధ్యాహ్నానికి పేర్ల ఆఫీసు గుమాస్తా శరభయ్య వచ్చాడు. ముసుగు, ముసుగు మీద కళ్ళద్దాలు, చేతిలో చిలకని ఆపే తాళం చెవి. గుమ్మం నిండా వేర్ల బుట్టలు, కాలు పెట్టే చోటు లేదు.

"ఇందుమతి గారూ, మీ ఇంట్లోంచి వెళ్ళిన ఆర్డరు ఏంటో మీకు తెలుసాండీ? ఉత్తరం వైపు కంచె సగం పెరికేసిందండీ."

"తెలుసు. మిగతా సగం కూడా పెరకనివ్వండి."

జరిగిందంతా చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు. "మా రికార్డులో గన్నేరు ఒక్కటేనండీ. రెండు మొక్కలకి ఒక పేరు పెట్టే ప్రసక్తే లేదు. పేరు ఒకటైతే మొక్క ఒకటే, లేకపోతే ఇన్నేళ్ళుగా మేం చేస్తున్నదేంటి?"

వీధిలో పడేసిన కుండీ దగ్గరికి వెళ్ళి ఒక ఆకు తెంపాను. కంచె మొత్తం పోయాక మిగిలేది అదొక్కటే, బిళ్ళ లేదు కాబట్టి. తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "అయితే ఇది నమలండి. మా వదిన రోజూ తాగుతున్నదే కదా. కాస్త చేదు, అంతే."

ఆకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాకు షుగరు లేదండీ" అన్నాడు.

"లేకపోయినా ఏం కాదు. మీ రికార్డులో ఇది మందు."

శరభయ్య ఆకుని మెల్లగా గోడ మీద పెట్టాడు. వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. "వాడంతా దగ్గుతారు. రేపు జవాబు మీరే చెప్పుకోవాలి."

"చెప్పుకుంటాను."

తాళం చెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారం

పొద్దున చిలక పలికింది. "దిగువ వాడ, మాణిక్యాంబ, గన్నేరు, గుప్పెడు. దొరకదు." కాసేపాగి మళ్ళీ అదే. మొత్తం మీద ఎన్నిసార్లు అడిగించిందో. అవతల చిలక మీద అరుస్తూ ఉంటుందని ఊహించుకున్నాను. అరవనీ.

వీధిలో దుమ్ము మొదలైంది. పక్కింటావిడ దగ్గుతూ వచ్చి నన్ను నానా మాటలూ అంది. అననిచ్చాను. మా ఆయన కంచె ఖాళీల్లో తడి దుప్పట్లు కట్టి వచ్చాడు. ఏమంటాడో అని తలెత్తలేదు నేను. పళ్ళెం ముందు కూర్చుని, "అక్క బతికితే మళ్ళీ నాటుకుంటాను" అని మాత్రం అన్నాడు.

గురువారం

నిన్న అడగలేదు. ఇవాళ కూడా అడగలేదు.

దొరకదని తెలిసి మానేసిందా? అదే అయ్యుంటుంది. మొండిదే గానీ తెలివితక్కువది కాదు. ఒక రోజంతా దొరకనిదాన్ని మర్నాడు ఎవరడుగుతారు? ఇలా నాకు నేనే చెప్పుకుంటూ 'అ' నుంచి 'స' దాకా కుండీలన్నీ దింపి నేల కడిగాను. మళ్ళీ ఎక్కించాను. ఆవిడ కబురు తెలియడానికి ఒక్క దారి ఉండేది, దాన్ని నేనే మొదలంటా పీకించాను. ఉంటే ఆవిడకి విషం వెళ్ళేది. లేకపోతే ఆవిడ ఉందో లేదో తెలియదు. ఏం చేసి ఉండాల్సిందో ఇప్పటికీ తెలియడం లేదు.

"కూర్చో కాసేపు" అన్నాడు మా ఆయన. ఆయనా నిలబడే ఉన్నాడు.

శనివారం

పొద్దున్నే దుమ్ము దిగింది. తలుపులు తీశారన్న కేక వినపడగానే మా ఆయన చెప్పులు లేకుండా పరిగెత్తాడు. నేను వెళ్ళలేదు. వెళ్ళలేకపోయాను. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

చాలాసేపటికి సందు మొదట్లో ముగ్గురు కనిపించారు. ఒక పక్క మా ఆయన, ఒక పక్క విమల, మధ్యలో వదిన. సగం మనిషయింది. కళ్ళ కింద గుంటలు. కానీ నడుస్తోంది. నడుస్తూ మాట్లాడుతోంది కూడా, ఇక్కడికి వినపడుతోంది.

"ఒకటే వాంతులు అత్తా, ఏం చూసినా పచ్చగా కనపడుతోందనేది" అంది విమల. "కొత్త నీళ్ళు పడలేదనుకున్నాం. మంగళవారం నుంచి కాస్త తేరుకుంది. కానీ మంచం మీంచి లేవలేదు."

"తేరుకోవడమేంటి, నీ మొహం" అంది వదిన. "మందు లేక పడున్నాను. ఆ దిక్కుమాలిన చిలక ఉన్నట్టుండి దొరకదు అంటుంది. ఇంటినిండా మొక్క పెట్టుకుని దొరక్కపోవడమేంటే ఇందూ? నువ్వేం చేస్తున్నావిక్కడ?"

ఆవిడ నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. తడుముకుంటూ బచ్చలి దాకా వెళ్ళి, పక్కన చూసి, అక్కడ లేదని గుర్తొచ్చి 'గ' వరసకి తిరిగింది. కుండీ అంచు దొరికింది. చెయ్యి లోపలికి పోయింది. గుంటలో వేళ్ళు ఆడించింది.

"నా మొక్కేదీ?"

"పీకించేశాను వదినా."

"ఎందుకే?"

చెప్పాను. సగం చెప్పేసరికి ఏడుపొచ్చింది, మిగతా సగం మా ఆయన చెప్పాడు. వదిన అంతా విని కుండీ పక్కనే చతికిలబడింది. అయిపోయిందనుకున్నాను. అప్పుడు మొదలుపెట్టింది. బచ్చలి పక్కన ఉంచమంటే ఎందుకు ఉంచలేదు, నోరు విప్పి పేరు చెబితే చెవులెక్కడ పెట్టుకున్నావు, మూట కట్టి ఇవ్వమంటే చేతులు పడిపోయాయా, అంత పెద్ద ఊళ్ళో ఒక్క కొమ్మయినా దాచలేకపోయావా, అద్దాలు తుడిచేదాని చేతికి తోట ఇవ్వడం మా తమ్ముడి బుద్ధి తక్కువ. అన్నీ నిజాలే.

నేను పక్కన కూర్చుని ఆవిడ మట్టిచెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోబోయింది, వదల్లేదు. తిడుతూనే ఉంది. మణికట్టు మీద వేళ్ళు పెట్టి కూర్చున్నాను. అక్కడక్కడ తడబడుతోంది గానీ కొట్టుకుంటోంది.